వాగ్దాన కార్డు మీద ధైర్యం, ఆఫీసులో వణుకు

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది మల్కాజిగిరి. నాకు 36 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. అమీర్‌పేటలో ముప్పై మంది పనిచేసే ఒక కంపెనీలో చాలా ఏళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. ఏడు నెలలుగా మా సార్ అందరి జీతాల్లోంచి పీఎఫ్ కోయిస్తున్నారు, కానీ కట్టడం లేదు. అడిగితే "వచ్చే నెల చూద్దాం" అంటారు. మొన్న ఆఫీసు ఊడ్చే పెద్దమ్మ తన ఫోన్ నా చేతికిచ్చి, "బిడ్డా, నా పీఎఫ్ ఎంతైందో చూడు, పిల్ల పెండ్లి పెట్టుకున్నం" అంది. నాకు నోరు రాలేదు. సర్వర్ పనిచేయట్లేదని అబద్ధం చెప్పాను. ఆ రోజు నుంచి రాత్రుళ్లు నిద్ర లేదు.

మా సార్ కూడా విశ్వాసే. నా రెండో కాన్పు కష్టమైనప్పుడు ఆసుపత్రి బిల్లు సగం ఆయనే కట్టారు. మా చర్చికి కొత్త స్పీకర్లు కూడా ఆయనే ఇచ్చారు. అలాంటి మనిషిని ఎలా అడగాలి? పొద్దున మెట్రో బేగంపేట దాటగానే గుండె దడ మొదలవుతుంది. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దాన కార్డు మీది వచనం యెహోషువ 1:9, ధైర్యంగా ఉండమని. ఫ్రిజ్ మీద అంటించాను. ఇప్పుడు దాన్ని చూస్తే ఎవరో తిడుతున్నట్టుంది. చర్చిలో స్త్రీల మైత్రి కూడికలో నా భయం గురించి ప్రార్థించమని అడిగితే ఒక పెద్దావిడ "భయం ఉందంటే విశ్వాసం లేనట్టే, ఉపవాసం ఉండు" అన్నారు. శుక్రవారాలు ఉంటున్నాను, తగ్గలేదు. మా ఆయనకు ఇవేవీ చెప్పలేదు. ఇంటి లోన్ నడుస్తోంది, ఉద్యోగం పోతుందేమోనని ఆయనకూ టెన్షన్ ఎందుకని. నాకు చిన్నప్పటి నుంచీ అన్నిటికీ భయమే. మీటింగ్‌లో పైకి ప్రార్థన చేయలేను. స్కూటీ నేర్చుకుని కూడా మెయిన్ రోడ్డు ఎక్కలేను. నిజంగా నాకు విశ్వాసం లేదా అక్కా?
(పేరు వద్దు)

జవాబు: వందనాలు అమ్మా.

చివర్లో అడిగినదానికే ముందు చెప్తాను. భయం ఉంటే విశ్వాసం లేనట్టేనన్న మాట బైబిల్లో లేదు, మన మీటింగుల్లో ఉంది. భయాన్ని థర్మామీటరులా పెట్టి విశ్వాసం ఎంతుందో కొలవడం మనకు అలవాటైపోయింది. విశ్వాసమే లేని మనిషైతే పెద్దమ్మకు చెప్పిన ఒక చిన్న అబద్ధానికి ఇన్ని రాత్రులు నిద్ర పాడుచేసుకోదు. సర్వర్ పనిచేయట్లేదన్న మాట హైదరాబాద్‌లో రోజుకు ఎంతమంది అంటారో మీకూ తెలుసు. అనేసి హాయిగా ఇంటికెళ్లి పడుకుంటారు.

"భయపడకుడి" అన్న మాట బైబిల్లో సరిగ్గా 365 సార్లు ఉందని, రోజుకొకటి చొప్పున దేవుడు రాయించాడని ప్రసంగాల్లో చెప్తుంటారు. వినడానికి బాగుంటుంది గానీ కూర్చుని లెక్కపెడితే అన్ని రావు. ఎన్నిసార్లుందన్నది అలా ఉంచి, ఆ మాట ఎవరితో అన్నారో చూడండి. దూతను చూసి కంగారుపడిన మరియతో, పొలంలో హడలిపోయిన గొర్రెల కాపరులతో, గాలివానలో పడవలో కేకలు వేసిన శిష్యులతో. అందరూ భయపడుతున్నవాళ్లే. వాళ్లలో ఒక్కరినైనా నీకు విశ్వాసం వచ్చేదాకా నా దగ్గరికి రావద్దని దేవుడు వెనక్కి పంపలేదు.

మీ వాగ్దానం సంగతి కూడా అంతే. మోషే చనిపోయాడు. నలభై ఏళ్లు ముందుండి నడిపించిన మనిషి లేడు. ఎదురుగా యొర్దాను, అవతల కోటలున్న ఊళ్లు. అప్పుడు దేవుడు యెహోషువతో నిబ్బరంగా, ధైర్యంగా ఉండమని ఆ ఒక్క అధ్యాయంలోనే మూడుసార్లు అంటాడు. అధ్యాయం చివర జనం కూడా అదే అంటారు. గుండె దిటవుగా ఉన్న మనిషికి ఇన్నిసార్లు ఎవరు చెప్తారు? మీరు ఫ్రిజ్ మీద చదువుతున్నది తిట్టు కాదమ్మా, వణుకుతున్న మనిషి భుజం మీద వేసిన చెయ్యి. వచనం రెండో సగం చూడండి: "నీవు నడుచు మార్గమంతటిలో నీ దేవుడైన యెహోవా నీకు తోడైయుండును." ధైర్యంగా ఉండమనడానికి దేవుడు చూపించిన కారణం అదొక్కటే. నువ్వు గట్టివాడివి అనలేదు, నీకేమీ కాదు అని కూడా అనలేదు.

ఆ మాట విన్నాక యెహోషువ చేసిన మొదటి పని నాకు చాలా ఇష్టం. పాళెమంతా తిరిగి తిండి సిద్ధం చేసుకోమని చెప్పండి, మూడు రోజుల్లో నది దాటాలి అని నాయకులను పంపాడు. వాగ్దాన కార్డు మీద తొమ్మిదో వచనం అచ్చవుతుంది. పదకొండో వచనంలోని సద్ది మూటలు అచ్చుకావు.

మనకు సాక్ష్యాలు కూడా అలాగే వినపడతాయి. "ప్రార్థన చేశాను, దేవుడు ధైర్యమిచ్చాడు, వెళ్లి అడిగాను, కార్యం జరిగింది, దేవునికే మహిమ." మైకు ముందు రెండు నిమిషాల్లో అంతకంటే ఏం చెప్తారు? అడగడానికి ముందు మూడుసార్లు బాత్రూమ్‌కు వెళ్లి మొహం కడుక్కున్న సంగతి చెప్పరు. గొంతు తడారిపోయి మాట మింగేసి వెనక్కి వచ్చిన రోజు గురించీ చెప్పరు. వెనక బెంచీలో కూర్చుని వినేవాళ్లకు మాత్రం, ఇది అందరికీ వస్తుంది నాకొక్కదానికే రాదు అనిపిస్తుంది. సాక్ష్యం చెప్పేవాళ్లు వణుకుతో సహా చెప్తే ఆ బెంచీల్లో చాలామంది ఊపిరి పీల్చుకుంటారని నా నమ్మకం.

వణుకుతో సహా చెప్పినవాడు బైబిల్లో ఒకడున్నాడు, నెహెమ్యా. ఆయన ప్రవక్త కాదు, యాజకుడూ కాదు. షూషను కోటలో అర్తహషస్త రాజుకు గిన్నె అందించే ఉద్యోగి. యెరూషలేము ప్రాకారం కూలిపోయి ఉందని ఆయనకు కబురు అందింది కిస్లేవు నెలలో. ఏడ్చాడు, ఉపవాసం ఉన్నాడు, ప్రార్థించాడు. రాజుతో మాట్లాడింది నీసాను నెలలో. మధ్యలో దాదాపు నాలుగు నెలలు గడిచిపోయాయి. ఇన్నాళ్లు ఎందుకు నోరెత్తలేదు, నీకు విశ్వాసం లేదా అని ఆయన్ని ఎవరూ అడగలేదు.

చివరికి రాజే అడిగాడు, ఒంట్లో బాగానే ఉంది కదా, ముఖం అలా ఉందేమిటని. అప్పుడు "నేను మిగుల భయపడి" అని నెహెమ్యా తానే రాసుకున్నాడు. భయపడటానికి కారణమూ ఉంది. యెరూషలేములో కట్టడం పని ఆపించమని అర్తహషస్త రాజే ఆజ్ఞ ఇచ్చిన సంగతి ఎజ్రా నాలుగో అధ్యాయంలో చదువుతాం. సరే, నీకేం కావాలో చెప్పు అన్నాడు రాజు. ఆ ప్రశ్నకూ తన జవాబుకూ మధ్యలో దేవునికి ప్రార్థన చేశానంటాడు నెహెమ్యా. ఎంతసేపు చేసి ఉంటాడు? ఎదురుగా రాజు, పక్కన రాణి. మోకాళ్లూనడానికి లేదు, కళ్లు మూసుకోవడానికి లేదు. ఒక్క ఊపిరి తీసుకునేంత సేపు. అంతే, మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఏం మాట్లాడాడో చూడండి. ఎన్నాళ్లు పడుతుందని రాజు అడిగితే గడువు చెప్పాడు. యూఫ్రటీసు నది అవతలి అధికారులకు ఉత్తరాలు కావాలన్నాడు. రాజుగారి అడవిని చూసే ఆసాపుకు ఒక ఉత్తరం కావాలి, తలుపులకూ ప్రాకారానికీ మానులు ఇప్పించాలి అన్నాడు. అడవి చూసే ఉద్యోగి పేరు కూడా ఆయన నోట్లో సిద్ధంగా ఉంది. ఆ నాలుగు నెలలూ ఊరికే ఏడుస్తూ కూర్చోలేదన్నమాట. ఎవరిని అడగాలి, ఏం అడగాలి, ఎంత అడగాలి, అన్నీ లెక్క వేసుకున్నాడు. లెక్కంతా అయ్యాక కూడా భయం అలాగే ఉంది. ఆ భయంతోనే నోరు తెరిచాడు.

నేను మీకు చెప్పాలనుకున్నది ఇదే. ధైర్యం ముందే వచ్చి ఇంట్లో కూర్చోదు. భయం పూర్తిగా పోయాక అడుగుదామనుకుంటే ఈ ఏడు నెలలు పదిహేడు అవుతాయి. దేవుని మీద ఆనుకుని, వణుకుతూనే, ముందున్న ఒక్క పని చేయాలి. ఆ తర్వాతి పనికి కావలసిన ధైర్యం అప్పుడు వస్తుంది. నాకు తెలిసిన విశ్వాసుల్లో ధైర్యస్తులనుకున్నవాళ్లంతా ఇలా అప్పటికప్పుడు అందుకుంటూ నడిచినవాళ్లే. కొరింథీయుల దగ్గరికి "భయముతోను ఎంతో వణకుతోను" వచ్చానని పౌలు అంతటివాడు రాసుకున్నాడు.

మీ ఆఫీసు సంగతికి వద్దాం. నెహెమ్యా అయిదో అధ్యాయం ఈ వారం తీరిగ్గా చదవండి. ప్రాకారం కట్టే పని జోరుగా నడుస్తుంటే పేదవాళ్లు వచ్చి మొరపెట్టుకున్నారు. పొలాలు తాకట్టు పెట్టాం, పన్ను కట్టడానికి అప్పు చేశాం, పిల్లలను దాసులుగా పంపాల్సి వస్తోంది, మమ్మల్ని పిండుతున్నది బయటివాళ్లు కాదు మన సహోదరులే అని. నెహెమ్యాకు కోపం వచ్చింది. అయినా వెంటనే వెళ్లి అరవలేదు, తనలో తాను ఆలోచించుకున్నాడు. ఆ తర్వాత పెద్దమనుషులను పిలిచి మొహం మీదే అడిగాడు, ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేయమన్నాడు. వాళ్లు ఇచ్చేస్తామన్నారు. దేవుని పని నడుస్తోంది కదా, ఇప్పుడెందుకు ఈ గొడవ అని ఆయన సర్దుకుపోలేదు. మీ చర్చికి వచ్చిన స్పీకర్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. యాకోబు పత్రిక మరీ నిక్కచ్చిగా చెప్తుంది, పనివారికి ఇవ్వకుండా బిగపట్టిన కూలి మొరపెడుతుందని, ఆ కేకలు ప్రభువు చెవిని పడ్డాయని. స్పీకర్ల మోతలో కూడా ఆయనకు అవి వినపడతాయి.

మీ సార్ దొంగ అని నేననడం లేదు. రావలసిన బిల్లులు రాక, చేతిలో డబ్బు ఆడక, ముందు జీతాలిద్దాం పీఎఫ్ తర్వాత చూసుకుందాం అనుకునే యజమానులు ఈ ఊళ్లో తక్కువేం కాదు. మీ కాన్పుకు ఆయన చేసిన మేలు మేలే, దాన్ని మరిచిపోమని చెప్పను. కానీ అప్పుడు ఇచ్చింది ఆయన సొమ్ము. ఇప్పుడు ఆగింది పెద్దమ్మ సొమ్ము. ఆ రెంటినీ కలిపి చూస్తున్నంతకాలం మీకు నోరు రాదు. ఆయనను అడగడం ఆయనకు మీరు చేసే మేలు కూడా. ఏడు నెలలది పద్నాలుగు నెలలైతే ఆయన మునిగేది ఇంకా లోతుకే.

ఈ ముక్క మీకు నాకంటే బాగా తెలుసు, మిగతా పాఠకుల కోసం రాస్తున్నాను. జీతంలో కోసే మన వాటా బేసిక్, డీఏల మీద 12 శాతం. యజమాని కూడా 12 శాతం వేయాలి, అందులో 8.33 శాతం పెన్షన్ ఖాతాకు పోతుంది. ఈ నెలది వచ్చే నెల 15వ తేదీలోగా జమ కావాలి. ఆలస్యమైతే వడ్డీ, పైన వేసే నష్టపరిహారం యజమానే కట్టుకోవాలి, ఉద్యోగుల దగ్గర రాబట్టడానికి వీల్లేదు. ఇక ఉద్యోగి జీతంలో కోసిన సొమ్మును కట్టకుండా వాడుకోవడం చట్టం దృష్టిలో నమ్మకద్రోహం, శిక్ష పడే నేరం. మన ఖాతాలో ఏ నెల దాకా పడిందో ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిస్తే కనపడుతుంది. యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే నంబరు) యాక్టివేట్ అయి ఉంటే రిజిస్టరైన ఫోన్ నుంచి 9966044425కి మిస్డ్ కాల్ ఇచ్చినా మెసేజ్ వస్తుంది.

మీరు చేయవలసిన మొదటి పని సార్ గదిలో లేదు, పెద్దమ్మ దగ్గర ఉంది. నన్నడిగితే అక్కణ్నుంచే మొదలుపెట్టమంటాను. మళ్లీ ఆమె ఫోన్ అందుకుని ఆమె పాస్‌బుక్ ఆమెకే తెరిచి చూపించండి. "పెద్దమ్మా, ఈ నెల దాకా పడ్డాయి, ఆ తర్వాత పడలేదు. మొన్న నాకు చెప్పడానికి నోరు రాలేదు. సార్‌ను నేను అడుగుతా" అనండి. అది ఆమె ఖాతా, ఆమెకు తెలియాలి. ఆఫీసు రహస్యమేదో బయటపెట్టినట్టు అనుకోకండి. మిగతావాళ్ల లెక్కలు మాత్రం ఆమె దగ్గర ఎత్తకండి. ఆమెకు ఒకసారి మాట ఇచ్చాక సార్ దగ్గరికి వెళ్లకుండా తప్పించుకోవడం మీకే కష్టమవుతుంది. మీ స్వభావానికి అది మంచిదే.

సార్‌తో ఒంటరిగా మాట్లాడండి. సహోదరుడు తప్పు చేస్తే ముందు నువ్వూ అతడూ మాత్రమే ఉన్నప్పుడు చెప్పమని యేసు ప్రభువే అన్నాడు. స్టాఫ్ ముందు వద్దు, చర్చి ఆవరణలో అసలే వద్దు. చెప్పేది ముందురోజు రాత్రి కాగితం మీద రాసుకోండి. "సార్, ఏడు నెలలుగా పీఎఫ్ చలానా కట్టలేదు. జీతాల్లో కోస్తూనే ఉన్నాం. స్టాఫ్ అడుగుతున్నారు, వాళ్లకు అబద్ధం చెప్పలేను. ఎంత కట్టాలో వడ్డీతో సహా లెక్క తెచ్చాను. ఒకేసారి కాకపోతే ముందు ఏ రెండు నెలలవి కడదామో తేదీ చెప్పండి, చలానా రెడీ చేస్తాను." ఇంతే. ఇది చెప్పి ఆగిపోండి. భయస్తులు చేసే పొరపాటు ఒకటుంది, నిశ్శబ్దాన్ని తట్టుకోలేక "పర్లేదు సార్, మీ ఇష్టం సార్" అని తామే పూడ్చేస్తారు. ఆయన మాట్లాడేదాకా మీరు మాట్లాడకండి. గొంతు వణికితే వణకనివ్వండి. వణికే గొంతుతో చెప్పినా లెక్క లెక్కే. ఆయన తేదీ చెప్తే, సాయంత్రం అదే మాటను మెయిల్‌లో పెట్టండి: "మీరు చెప్పినట్టు ఫలానా తేదీకి చలానా సిద్ధం చేస్తున్నాను." అకౌంట్స్ మీ చేతిలో ఉన్నాయి కాబట్టి ఆ మెయిల్ రేపు మీకు కావలసి వస్తుంది. కట్టనివి కట్టినట్టు ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి, ఎంత బతిమాలినా సరే.

తేదీ దాటినా కదలిక లేకపోతే? ఇంకొకరిద్దరు సీనియర్లను తీసుకుని మళ్లీ వెళ్లండి. అప్పటికీ కాకపోతే పీఎఫ్ చూసే సంస్థ ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టుకోవచ్చు, బర్కత్‌పురాలో పీఎఫ్ ఆఫీసు ఉంది. విశ్వాసి మీద విశ్వాసి ఫిర్యాదు చేయవచ్చా అని స్త్రీల మైత్రిలో ఎవరైనా అడుగుతారు. పౌలును కొరడాలతో కొట్టబోతే, రోమీయుడనైన నన్ను విచారించకుండా కొట్టడం న్యాయమా అని అడిగాడు. తర్వాత రోమా చక్రవర్తి కైసరు ఎదుటనే చెప్పుకుంటానన్నాడు. చట్టాన్ని అడగడం ఆయనకు అవిశ్వాసం అనిపించలేదు. మరి సహోదరుల మీద కోర్టుకెక్కవద్దని కొరింథీయులకు రాసింది ఆయనే కదా అనీ అడుగుతారు. నిజమే, ఆయనే రాశాడు. అందుకే ముందు ఒంటరిగా, ఆ తర్వాత ఇద్దరు ముగ్గురితో వెళ్లమంటున్నాను. ముప్పై మంది కూలి ఆగినప్పుడు మాత్రం అది మీ ఇద్దరి మధ్య తగాదా కాదు.

ఇప్పుడు కష్టమైన మాట. ఉద్యోగం పోవచ్చు. ప్రార్థన చేసి వెళ్లారు కాబట్టి సార్ కళ్లనీళ్లు పెట్టుకుని చలానా కడతారని నేను మాట ఇవ్వలేను. అలా మాట ఇచ్చేవాళ్లను మీరూ నమ్మకండి. అగ్నిగుండం ముందు షద్రకు, మేషాకు, అబేద్నెగో రాజుతో ఏమన్నారు? మా దేవుడు మమ్మల్ని తప్పించగలడు, ఒకవేళ తప్పించకపోయినా సరే, నీ ప్రతిమకు మొక్కం అన్నారు. ఆ "తప్పించకపోయినా" అనగలగడమే నమ్మకమంటే. మీరు మాత్రం ఆ మాట అనుకుంటూనే సద్ది మూట కూడా కట్టుకోండి. మీ సొంత పేస్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటర్ ఇంట్లో ఫైల్ చేసి పెట్టండి. రెజ్యూమె సరిచేసి నాలుగు చోట్ల పంపండి. జీఎస్టీ, టీడీఎస్, పీఎఫ్ లెక్కలు ఇన్నేళ్లు చూసిన మనిషికి ఈ ఊళ్లో పని దొరక్కపోదు. ఇంటి లోన్ రెండు మూడు వాయిదాలకు సరిపడా డబ్బు విడిగా ఉంటే మీ గొంతు ఇంకొంచెం నిలబడుతుంది. అది అల్పవిశ్వాసం అనుకోకండి. శత్రువులు వస్తారని తెలిసినప్పుడు నెహెమ్యావాళ్లు దేవునికి ప్రార్థన చేశారు, రాత్రింబగళ్లు కాపలా కూడా పెట్టారు. ఒకే వచనంలో రెండూ ఉన్నాయి.

అందుకే మీ ఆయనకు ఈ రాత్రే చెప్పండి. ఉత్తరంలో నాకు అన్నిటికంటే బాధగా అనిపించింది మీ భయం కాదు, దాన్ని ఒక్కరే మోస్తున్నారన్నది. గెత్సేమనేలో యేసు ప్రభువు ముగ్గురిని వెంట తీసుకెళ్లి, నా ప్రాణం మరణమంత దుఃఖంలో ఉంది, నాతో కూడా మెలకువగా ఉండండి అని అడిగాడు. దేవుని కుమారుడికే తోడు కావలసి వచ్చింది. వాళ్లు నిద్రపోయారనుకోండి, అది వేరే సంగతి. మీ ఆయన కంగారు పడతారు, పడనివ్వండి. లోన్ ఇద్దరిదీ అయినప్పుడు కంగారు ఒక్కరిదే ఎలా అవుతుంది? పిల్లలు పడుకున్నాక, టీవీ కట్టేసి, మొదట పెద్దమ్మ ఫోన్ ఇచ్చిన సంగతి చెప్పండి. మిగతావి వాటంతట అవే వస్తాయి.

శుక్రవారం ఉపవాసాలు కొన్నాళ్లు ఆపండి. ఇలా రాస్తే నాకు ఉత్తరాలు వస్తాయని తెలుసు. ఏలీయా ప్రవక్త కర్మెలు కొండ మీద అంత గొప్ప కార్యం చేసి, యెజెబెలు రాణి బెదిరింపుకు ప్రాణభయంతో పారిపోయి, బదరీ చెట్టు కింద పడుకుని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు ఆయనకు ప్రసంగం చేయలేదు, ఉపవాసం ఉండమనలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టించాడు. మళ్లీ పడుకోనిచ్చి మళ్లీ తినిపించాడు. మాట్లాడింది ఆ తర్వాతే. నిద్ర లేకుండా, ఖాళీ కడుపుతో ఉంటే మామూలు మనిషికే గుండె దడదడలాడుతుంది. ఇడ్లీ తిని ఆఫీసుకు వెళ్లండి.

దడ రోజూ వస్తుంటే డాక్టరుకు కూడా చూపించుకోండి. థైరాయిడ్ తేడా ఉన్నా, రక్తం తక్కువున్నా దడ వస్తుంది, ఒక పరీక్షతో తేలిపోతుంది. అవేవీ కాదు, ఆందోళనే ఎక్కువగా ఉందంటే దానికీ వైద్యం ఉంది. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే డబ్బులు అడక్కుండా తెలుగులోనే మాట్లాడతారు. మానసిక ఆసుపత్రి ఉన్నందుకు ఎర్రగడ్డ అన్న ఊరి పేరునే వెక్కిరింతగా వాడే జనం మధ్య బతుకుతున్నాం కాబట్టి ఇది ఎవరికీ చెప్పుకోలేమనిపిస్తుంది. షుగర్‌కు మాత్ర వేసుకుని ప్రార్థన చేసుకునే పెద్దలు మన చర్చిల్లో బోలెడుమంది. దీనికీ అదే న్యాయం.

బేగంపేట దాటితే వచ్చేది అమీర్‌పేటే కదా. ఆ కాసేపట్లో చదువుకోవడానికి 56వ కీర్తన మూడో వచనం ఫోన్‌లో పెట్టుకోండి: "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." దావీదును గాతులో ఫిలిష్తీయులు పట్టుకున్నప్పటి కీర్తనని పైన రాసి ఉంటుంది. గొల్యాతును కొట్టిన ఆ దావీదే గాతులో ఆకీషు రాజుకు భయపడి, పిచ్చివాడిలా నటించి, తలుపుల మీద గీతలు గీసి, గడ్డం మీద ఉమ్మి కార్చుకుని బయటపడ్డాడు. భయం వచ్చే రోజు ఉంటుందని ఒప్పుకునే మొదలుపెట్టిన కీర్తన కాబట్టి మీకు బాగా నప్పుతుంది.

ఆ పెద్దావిడతో వాదన పెట్టుకోకండి. మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, ఆమెకు కూడా ఎవరో అలాగే చెప్పి ఉంటారు. మీటింగ్‌లో పైకి ప్రార్థన చేయడానికి రెండే వాక్యాలు రాసుకుని వెళ్లి చూసి చదవండి. ఎవరూ చూడరు, అందరి కళ్లూ మూసే ఉంటాయి. అదీ కుదరకపోతే మనసులోనే చేసుకోండి. మందిరంలో ప్రార్థించిన హన్నా పెదవులు మాత్రమే కదిలాయి, యాజకుడు ఏలీకి అర్థం కాలేదు గానీ దేవుడికి వినపడింది.

ఇక స్కూటీ. దానికి విశ్వాసంతో సంబంధం లేదు, ప్రాక్టీసుతోనే సంబంధం. ఆదివారం పొద్దున్నే రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు మీ ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని చర్చిదాకా నడపండి, హెల్మెట్లు ఇద్దరికీ ఉండాలి. తార్నాక ఫ్లైఓవర్ జోలికి ఇప్పుడే పోకండి. ఆఫీసుకు మెట్రో ఉండగా మీకు దాంతో పనేముంది?